ఆగిన చోటు నుంచి

మొన్న పలాస ఆర్టీసీ బస్సు కాంప్లెక్సు ఎదురుగా టీ బడ్డీలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ మాడు వాసన తగలగానే, బస్సు కోసం నిలబడ్డ నాకు టెక్కలిలో ఒక మేడ మీది గది గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి టీ పెట్టింది ఆ గదిలోనే. పక్కన నిలబడి చూసినావిడ పేరు సునంద. జబ్బుపడ్డ మనిషి తన రోజువారీ పనులు తానే మళ్ళీ చేసుకునేలా తయారుచేయడం ఆవిడ వృత్తి. దానికి ఆక్యుపేషనల్ థెరపీ అని పెద్ద పేరుంది కానీ, మా నాన్న మాత్రం చివరిదాకా ఆవిడని "పన్ల డాక్టరమ్మ" అనే అన్నాడు.

నాకు డిగ్రీ చదువుతుండగా జబ్బు మొదలైంది. మనుషులు లేని చోట గొంతులు వినిపించేవి. అవి నన్నే తిట్టేవి. మాది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. ముందు తాయెత్తు కట్టించారు. తరవాత విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. మాత్రలతో గొంతులు చాలావరకు తగ్గాయి. కానీ ఇంటికొచ్చాక నేను మంచం దిగలేదు. మత్తు కొంత, భయం కొంత, ఏ పని ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోవడం కొంత. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. వచ్చినవాళ్ళు నా గురించి నా ముందే, నేను అక్కడ లేనట్టు మాట్లాడుకునేవారు. డాక్టరు చెబితే నాన్న నన్ను టెక్కలి తీసుకెళ్ళాడు.

"ఈడికి ఏటీ తెల్దు మేడమ్. ఎడితే తింతాడు, నేపోతే నేదు. నీలోసుకోడం కూడా మానేసినాడు," అన్నాడు నాన్న.

ఆవిడ అంతా విని నావైపు తిరిగింది. "నాన్నగారు చెప్పింది విన్నానండి. ఇప్పుడు మీరు చెప్పండి రాజారావుగారూ. స్నానం దగ్గర ఏది కష్టంగా ఉంటోంది?"

జబ్బు వచ్చాక నన్ను 'గారు' అన్న మొదటి మనిషి ఆవిడ. మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. "కుళాయి సప్పుడుకి గొంతులు ఎక్కువైపోతన్నాయి," అన్నాను. నాన్న నోరు తెరిచి నాకేసి చూశాడు. నాది బద్ధకమనే అనుకున్నాడు అన్నాళ్ళూ. "అయితే ముందే పట్టి ఉంచిన నీళ్ళు పోసుకుంటే?" అని అడిగిందావిడ. మర్నాటి నుంచి నాన్న తెల్లారకముందే తొట్టి నింపి పెట్టేవాడు. నేను రోజూ స్నానం చేయడం మొదలైంది.

టీ పెట్టించింది ఆ తర్వాతే. గిన్నె, పాలు, పంచదార అన్నీ ఎదురుగా ఉన్నా చేయి కదలలేదు. ఎలాగో పొయ్యి వెలిగించాను. పాలు పొంగుతుంటే బొమ్మలా చూస్తూ నిలబడ్డాను. ఆవిడ చేయి చాచలేదు. పాలు పొయ్యి మీద పడి మాడాయి.

"ఇప్పుడేం చేద్దామండి?" అంది నెమ్మదిగా.

"పొయ్యి కట్టెయ్యాల."

"కట్టండి మరి."

కట్టాను. మిగిలిన పాలతో టీ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "పంచదార ఎక్కువైంది," అంది. నాకు కోపం రాలేదు. నాతో ఎవరైనా అలా మామూలుగా మాట్లాడి చాలా కాలమైంది.

ఒకరోజు ఆవిడ మా ఊరు వచ్చింది. నేను తిన్న కంచం అమ్మ తీస్తుంటే ఆపి, నన్నే కడుక్కోనివ్వమంది. అమ్మ గయ్యిమంది. "నాను బతికుండగా నా కొడుకు సేత ఎంగిలి కంచం కడిగింతానా మేడమ్మా? ఆడేటి, కూలోడా?" సునంద మేడమ్ వాదించలేదు. "మీకు జ్వరమొచ్చిన రోజు ఎలాగమ్మా?" అని మాత్రం అడిగింది. అమ్మ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను కడిగిన కంచాన్ని అమ్మ చాటుగా మళ్ళీ కడిగేది. కొన్నాళ్ళకి మానేసింది.

పలాసలో మా మేనమామకి చిన్న జీడిపప్పు బట్టీ ఉంది. నన్ను పనిలో పెట్టుకోమని మేడమ్ అడిగితే మావ భయపడ్డాడు. "మిసన్ కాడ ఏటైనా అయితే నానేటి సెప్పాల మేడమ్?" అన్నాడు. ఆవిడ బట్టీ అంతా తిరిగి చూసింది. జీడిపిక్కలు కోసే మిషన్ల హోరుకి దూరంగా, కిటికీ పక్కన పప్పు ఏరే బల్ల ఉంది. విరగని గుండుపప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క వేయాలి. "ఈ బల్ల దగ్గర, మధ్యాహ్నం వరకే. అలవాటయ్యాక పెంచుదాం," అంది. మావ ఒప్పుకున్నాడు. నేను బస్సెక్కి పలాస వెళ్ళిరావడం మొదలుపెట్టాను.

ఆ వేసవిలో ఇంట్లో పెళ్ళి వచ్చింది. ఆ సందడిలో కొన్నాళ్ళు మాత్రలు వేసుకోలేదు. ఒకరోజు బట్టీలో, బల్ల దగ్గర నాతోపాటు పప్పు ఏరే ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే నన్ను చూసే అనిపించింది. గొంతులు కూడా అదే చెప్పాయి. పప్పు విసిరికొట్టి రోడ్డు మీదికి వెళ్ళిపోయాను. సాయంత్రానికి హైవే పక్కన కల్వర్టు మీద కూర్చుని ఉన్న నన్ను మావ వెతికి ఇంటికి తెచ్చాడు. నాన్న కుంగిపోయాడు. "ఇంక సాలు. నా కళ్ళ ముందే ఉంటాడు, ఎక్కడికీ ఒద్దు," అన్నాడు.

సునంద మేడమ్ వచ్చి ముందు డాక్టరుతో ఫోనులో మాట్లాడింది. మళ్ళీ మాత్రలు మొదలై నిద్ర కుదుటపడేదాకా పని మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఒకరోజు నేనే అన్నాను, "మళ్ళీ మొదట్నించీ రావాల కదా మేడమ్," అని.

"మొదటి నుంచి ఎందుకండీ? స్నానం చేస్తున్నారు, బస్సెక్కడం వచ్చు, పప్పు ఏరడం వచ్చు. ఆగిన చోటు నుంచి మొదలుపెడదాం."

నేను మళ్ళీ పనికి బయల్దేరిన పొద్దున్న అమ్మ కేరియరు సర్దలేదు. ఖాళీ గిన్నెలు నా ముందు పెట్టి, "ఏటి గావాలో నువ్వే ఎట్టుకో," అంది. నేను అన్నం పెట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసింది. చేయి మాత్రం చాచలేదు.

తరవాత సునంద మేడమ్ వాళ్ళమ్మగారికి బాగోలేక కాకినాడ వెళ్ళిపోయింది. బస్సు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు, ఎన్నాళ్ళుగానో దాచుకున్న ప్రశ్న అడిగాను. "నాకు పూర్తిగా తగ్గిపోయినట్టేనా మేడమ్?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "రేపు పనికి వెళ్తున్నారా?" అంది.

"ఎల్తాను."

"అయితే ఆ ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఆగక్కర్లేదండి."

ఇప్పుడు ఆ బట్టీలో పప్పు ఏరే పనంతా నేనే చూసుకుంటున్నాను. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. ఏడాదికి కొన్నిసార్లు, ఏదో ఒక పొద్దున్న, పాత గొంతు ఒకటి నా పేరు పెట్టి పిలుస్తుంది. విని ఊరుకుంటాను, చెప్పులేసుకుని బయల్దేరతాను. కొన్నిసార్లు అది బస్సుదాకా వస్తుంది. రానిస్తాను.