కొండకు దణ్ణం పెట్టిన స్తంభం

కరెంటు రైలు తీగను మోసే ఇనుప స్తంభాన్ని నిటారుగా పాతరు. తీగ ఎటు లాగుతుందో దానికి ఎదురు వైపు కొద్దిగా వాల్చి నిలబెడతారు. తొమ్మిది మీటర్ల స్తంభానికి పై కొసలో నాలుగు వేళ్ల వాలు. తీగ బరువు పడ్డాక అదే నిటారుగా వస్తుంది. పదో తరగతితో చదువు ఆపేసిన నేను ఈ లెక్కలన్నీ నక్షాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఏ స్తంభానికి ఎటు వాలు, ఎంత వాలు అన్నది చెప్పడమే కాంట్రాక్టరు దగ్గర నా పని.

కూర్మన్నపాలెం అవతల గూడ్సు బళ్లు తిరిగే జంట లైన్ల మీద అప్పుడే పని మొదలుపెట్టాం. స్తంభాలు పాతే ముఠాకు మేస్త్రీ శ్రీకాకుళం వైపు మనిషి. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆ మధ్య కొలత తప్పి ఒక పునాది పగలగొట్టాల్సి వచ్చింది. ఇంకొకటి పగిలితే ముఠానే మార్చేస్తానని ఇంజినీరు చెప్పి ఉన్నాడు. ముఠా అంటే బావ, అతని తమ్ముళ్లు, వాళ్ల ఊరివాళ్లు.

రైల్వేలో ఒక లైనును అప్పు అంటారు, రెండోదాన్ని డౌను అంటారు. అప్పు లైను అన్నప్పుడల్లా బావ ముఖం చిట్లించేవాడు. "పొద్దున్నే అప్పు మాట ఎత్తకు బావా, రోజంతా అదే అవుద్ది." అందుకని నేను వాటిని ఎగువ, దిగువ అనడం మొదలుపెట్టాను. అంతకు ముందు పనిచేసిన లైనులో అప్పు కొండ వైపే ఉండేది. మా ప్రాంతంలో ఎగువ అంటే ఎలాగూ కొండే. కాబట్టి ఇబ్బంది రాలేదు. కొత్త చోట అప్పు లైను సముద్రం వైపు ఉంది.

ఆ రోజు నక్షాల కోసం ద్వారకా నగర్‌లో ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజు పాతాల్సింది రెండు లైన్ల నడుమ నిలబెట్టే స్తంభం. కొండ వైపున్న డౌను లైను తీగను మోయాలి. కాబట్టి వాలు అప్పు వైపు ఉండాలి. ఎగువకి నాలుగు వేళ్లు అని పొద్దున్నే బావకు ఫోనులో చెప్పాను. మధ్యాహ్నం బావే ఫోను చేశాడు.

"అయిపోనాది బావా. కాంక్రీటు ఏసేసినాం. కొండకి దణ్ణం పెడతన్నట్టుంది సూత్తే."

"కొండకా? సముద్రం వైపు కదా బావా."

"ఎగువంటే కొండ కాక ఏటి? సంద్రం ఎప్పుడు ఎగువయ్యింది?"

ఈ కొత్త చోట ఎగువ అంటే ఎటో నేను బావకు చెప్పనే లేదు.

"కాంక్రీటు ఏసి ఎంతసేపయింది?"

"తట్టలింకా కడగలేదు."

"తడి గోనెలు కప్పండి. తాళ్లు ఇప్పకండి. నానొస్తన్నాను."

బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కాను. దారి పొడవునా ఎండకేసే చూశాను. మబ్బు పట్టి ఉంటే కాంక్రీటు ఇంకాసేపు మెత్తగా ఉండేది.

నేను వెళ్లేసరికి, వదిలితే పారిపోతుందన్నట్టు బావ స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు. గోనె తీసి ఇనుప చువ్వ గుచ్చాను. దిగింది. మెల్లగానే అయినా దిగింది.

స్తంభం మొదట్లో సముద్రం వైపు బిగించిన కర్ర చీలలు వదులు చేసి, కొండ వైపువి కొట్టారు. తమ్ముళ్లు పై తాడు పట్టి లాగారు. నేను గుండు కట్టిన దారం వేలాడదీసి చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాను.

"కొండకి కోపం వత్తాదేమోరా," అన్నాడు ఒక తమ్ముడు.

"ముందు ఇంజినీరు కోపం తప్పనీ. లాగు," అన్నాడు బావ.

నాలుగు వేళ్లు వచ్చాక తాళ్లు బిగించి, కదిలిన కాంక్రీటును మళ్లీ కూరి, పైన చదును చేశాం. బావ ఆ సాయంత్రం వరకు తాడు దగ్గరనుంచి లేవలేదు, టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

అయినా అసలు పరీక్ష తీగ ఎక్కిన రోజే. ఆ రోజు ఇంజినీరు ఎదుటే గుండు దారం వేశాను. గాలికి కాస్త ఊగి ఆగింది. దారానికీ స్తంభానికీ మధ్య పైన ఎంత సందు ఉందో కిందా అంతే. ఇంజినీరు ఒకసారి వంగి చూసి, తరవాతి స్తంభానికి నడిచాడు.

బావ పట్టా మీద కూలబడి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"అప్పు తీరిపోనాది బావా," అన్నాడు.