అయిదో అంతస్తులో ముఖ్య అతిథి

ఆ రోజుల్లో నాకు గోడలంటే ఉన్నంత ప్రేమ మనుషులంటే ఉండేది కాదు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు, జుట్టు నల్లగా ఉండేది, నేను చెబుతుంటే ఎదుటివాళ్ళు వినడానికే పుట్టారన్న నమ్మకం గట్టిగా ఉండేది. ఇప్పుడు విశాఖలో సముద్రం వైపు చూస్తే కనిపించే ఎత్తయిన భవనాల్లో కొన్ని నేను గీసినవే కాబట్టి, కాలేజీ పిల్లలు పిలిచి మీ మొదటి టవర్ గురించి చెప్పండి సార్ అని అడుగుతుంటారు. ఉప్పుగాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో, తుఫాను గాలిని భవనం ఎలా తట్టుకోవాలో ఓపిగ్గా చెబుతాను. ఆ టవర్లో నేను తిన్న మొదటి భోజనం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా చెవులు వేడెక్కేవి. (ఇప్పుడూ వేడెక్కుతూనే ఉన్నాయి. రాసేటప్పుడు నా మొహం మీకు కనబడదన్న ధైర్యంతో రాస్తున్నాను.)

మా బిల్డరును అందరూ పెద్దాయన అనేవారు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుతో మొదలుపెట్టి, పదంతస్తుల భవనం తలపెట్టేంతవరకు ఎదిగిన మనిషి. పేరున్న ఆర్కిటెక్టులను వదిలి, అప్పటిదాకా నాలుగు డాబాలు, ఒక పెళ్ళి మండపం తప్ప గీయని నన్ను నమ్మాడు. ఆ నమ్మకం నా తలకెక్కింది. పది అంతస్తులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలన్నాను. ఒకే గంధం రంగు గోడలు, ఒకే రకం తలుపులు, ఒకే దీపాలు. మెట్ల దగ్గర అంతస్తు నంబర్లు కూడా వద్దన్నాను, గోడ అందం చెడుతుందని. పెద్దాయన తల గోక్కుని, "మరి జనం ఎలగ పోల్చుకుంతారు బాబూ?" అన్నాడు. సంగీతానికి శ్రుతి ఎలాంటిదో భవనానికి ఏకరూపత అలాంటిదని నేను అందుకున్నాను. శ్రుతి దాకా విని, "సరే, నీ ఇష్టం" అని ఆయన టీ తెప్పించాడు. ఇంటికొచ్చి మా ఆవిడకి నక్షా చూపిస్తే ఆవిడ కూడా అదే అడిగింది, చుట్టాలొస్తే ఇల్లెలా కనుక్కుంటారని. నీకు ఆర్కిటెక్చర్ తెలీదులే అన్నాను. ఆవిడ కూర తరుక్కోవడానికి వెళ్ళిపోయింది.

భవనం పూర్తయింది. ఏడో అంతస్తులో పెద్దాయన తన కోసం ఒక ఫ్లాటు ఉంచుకుని గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాడు. నేను ముఖ్య అతిథిని. నాకు శాలువా కప్పుతారు, నేను రెండు మాటలు మాట్లాడాలి. అసలు సంగతి వేరే ఉంది. హైదరాబాదు నుంచి ఇంకో బిల్డరు వస్తున్నాడు, దీనికి రెండింతల ఎత్తు టవర్ కట్టే ఆలోచనతో. "నిన్ను సూడ్డానికే వత్తన్నాడు, మంచి బట్టలేసుకుని రా" అని పెద్దాయన కబురు చేశాడు. నేను జోధ్‌పురి కోటు కుట్టించుకున్నాను. అద్దం ముందు ప్రసంగం వల్లె వేశాను. పెద్దాయన ఇంటి ఆడవాళ్ళకి సాయంగా మా ఆవిడ పొద్దున్నే వెళ్ళిపోయింది. ప్రసంగం మధ్యలో మోగితే బాగుండదని ఫోను కట్టేసి నేను తర్వాత బయల్దేరాను.

లిఫ్టు ఉంది, పనిచేస్తోంది కూడా. కానీ నా మెట్లను నేనే ఎక్కి చూసుకోవాలని బుద్ధి పుట్టింది. ప్రతి మలుపులోనూ ఆగి, కిటికీలోంచి వెలుగు నేను గీసినట్టే పడుతోందా లేదా అని మురిసిపోతూ ఎక్కాను. మురిపెంలో లెక్క తప్పింది. ఒకచోట మావిడాకుల తోరణం, గుమ్మం ముందు చెప్పుల గుట్ట, లోపల్నుంచి సాంబ్రాణి వాసన. ఏడో అంతస్తు వచ్చేసిందనుకుని లోపలికి నడిచాను. అది మంచి రోజు కదా, ఆ భవనంలో ఇంకో ఇంట్లో కూడా గృహప్రవేశం ఉండొచ్చని నాకు తట్టలేదు.

హాల్లో తెలిసిన మొహం ఒక్కటీ లేదు. పెద్దాయన తాలూకు చుట్టాలు కాబోలనుకున్నాను. పెద్దాయన పూజ గదిలో ఉండుంటాడు, మా ఆవిడ వంటింట్లో ఉండుంటుంది. ఎవరో కుర్చీ వేశారు, కూర్చున్నాను. నా కోటు చూసి వాళ్ళూ ఏమీ అడగలేదు. (ఇంటాయన తరఫు వాళ్ళు ఇంటావిడ తరఫు పెద్దమనిషి అనుకున్నారట, ఇంటావిడ తరఫు వాళ్ళు ఇంటాయన తరఫు అనుకున్నారట. తర్వాత తెలిసింది.) ముందు భోజనం కానివ్వండన్నారు. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు. తింటున్నంతసేపూ సీలింగు అంచులు చూస్తూనే ఉన్నాను. బూరెలు అడిగి మరీ వేయించుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఒకమ్మాయి మడత పెట్టిన గుడ్డ ఒకటి చేత్తో పట్టుకుని నా వైపు వచ్చింది. నేను లేచి నిలబడి, చేతులు జోడించి, మెడ వంచాను. ఆ అమ్మాయి కాసేపు చూసి, ఏం చెయ్యాలో తోచక, ఆ తువ్వాలును నా భుజాల మీద వేసి వెళ్ళిపోయింది. చేతులు తుడుచుకోవడానికి తెచ్చిన తువ్వాలు అది. శాలువా మరీ పల్చగా ఉందేమిటి, పెద్దాయన ఇంత పీనాసా అనుకున్నాను.

కప్పాక మాట్లాడాలి కదా. గొంతు సవరించుకున్నాను. ఈ ఇంట్లో ప్రతి గోడా నాదేనని, కాగితాల మీద ఎవరి పేరున్నా ఈ ఇల్లు ఎప్పటికీ నాదిగానే ఉంటుందని, దీన్ని నానుంచి ఎవరూ విడదీయలేరని అద్దం ముందు వల్లించిన మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాను. చప్పట్లు పడలేదు. హాలంతా బిగుసుకుపోయింది. నలభై ఏళ్ళ మనిషి ఒకాయన, ఇంటాయన, పాలిపోయిన మొహంతో వచ్చి నన్ను మెల్లగా బాల్కనీలోకి తీసుకెళ్ళాడు.

"బాబూ, తప్పుగా అనుకోకండి. ఈ ఇల్లు మేం డబ్బులిచ్చి కొనుక్కున్నాం. రిజిస్ట్రేషన్ కూడా అయిపోనాది. మీరేటి, మీదంటన్నారు?"

నాకప్పుడు ఏదో తేడాగా ఉందనిపించింది. ఇది ఏడో అంతస్తే కదా అని అడిగాను.

"అయిదు బాబూ."

కింద సముద్రం ఎలా ఉందో అలాగే ఉంది. ఎక్కిన మలుపుల్ని వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. నేనెవరో, ఏడో అంతస్తుకి ఏ పని మీద వచ్చానో ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన మొహంలో ముందు భయం పోయింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వును మర్యాద కోసం మింగేశాడు. ఆయన తల్లి, తెల్లజుట్టు మనిషి, ఈలోగా బాల్కనీ గుమ్మం దగ్గరికి వచ్చి అంతా విన్నది. ఆవిడ నవ్వలేదు. నిజంగా జాలిపడింది.

"నువ్వు గీసిన ఇంట్లో నువ్వే తప్పిపోనావా నాయనా? రా, నాను దిగబెడతాను."

వద్దని ఎంత చెప్పినా వినలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ఏడో అంతస్తు గుమ్మంలో పెద్దాయన, హైదరాబాదు బిల్డరు, మా ఆవిడ, ఇంకా బోలెడుమంది నాకోసం ఎదురుచూస్తున్నారు. భుజాల మీద తువ్వాలుతో, ముసలావిడ చేతిలో చెయ్యితో నేను కనిపించాను. ఆవిడ అందరికీ వినపడేలా చెప్పింది.

"ఈ బాబు మీ తాలూకేనా? తప్పిపోయి మా ఇంటికి ఒచ్చీసినాడు. అన్నం తినీసినాడు, మళ్ళీ పెట్టకండి."

ఆ తర్వాత జరిగింది నాకు సరిగ్గా గుర్తులేదు. అసలు శాలువా కప్పేటప్పుడు పెద్దాయన భుజాలు కదులుతుండడం గుర్తుంది. ప్రసంగం నోట్లోంచి రాకపోవడం గుర్తుంది. హైదరాబాదాయన మర్యాదగా నవ్వి, వివరాలు తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఆ తర్వాత అనేది రానే లేదు. ఆ టవర్ ఇంకొకరు గీశారు. ఇప్పటికీ దాని ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే పక్కకి చూస్తూ వెళ్తాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి, ఒక్క ముక్క అడిగింది. "అంతసేపు వాళ్ళింట్లో కూర్చుని భోంచేశారు కదా, వాళ్ళ పేరేంటండీ?"

నాకు తెలీదు. పేరే కాదు, వడ్డించినవాళ్ళ మొహాలు కూడా గుర్తులేవు. సీలింగు అంచు మాత్రం ఎక్కడ వంకరగా ఉందో చెప్పగలను. దారి తప్పినందుకు అప్పటిదాకా పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఆ ప్రశ్నకి పడ్డ సిగ్గు ఒక ఎత్తు. సొంత ఇంట్లో తొలిసారి పొయ్యి వెలిగించుకున్న రోజున, ఎవరో కోటు మనిషి వచ్చి అది తనదని చాటితే వాళ్ళ గుండెలు ఎంత అదిరి ఉంటాయి.

ఆ ఆదివారం మా ఆవిడని వెంటబెట్టుకుని వెళ్ళాను. మెట్ల మీద పెయింటరు ఒకడు నిచ్చెనేసుకుని, లారీ వెనక రాసేంత లావు ఎర్ర అంకెలు రాస్తున్నాడు. పెద్దాయన నన్ను అడగలేదు, నేనూ అడ్డుచెప్పలేదు. అయిదో అంతస్తులో ముసలావిడే తలుపు తీసి, ఈసారి దారి తెలిసిందా అంది. లోపలికి వెళ్ళి ముందుగా పేర్లు అడిగాను. సముద్రం మీద బతికే కుటుంబం వాళ్ళది. అన్నదమ్ములంతా కలిసి తల్లి కోసం ఆ ఫ్లాటు కొన్నారు, బోట్లు తిరిగొచ్చేటప్పుడు కిటికీలోంచి ఆవిడకి కనబడాలని. ఏ బోటు ఎవరిదో ఆవిడ చూపిస్తుంటే పక్కన నిలబడి విన్నాను. ఆ కిటికీ కొలతల గురించి చెప్పాలని నాలుక దురద పెట్టింది, ఆపుకున్నాను. వచ్చేటప్పుడు మా ఆవిడ చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టారు.

వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళకి ఇబ్బంది. నేను మాత్రం మర్చిపోలేదు. అప్పట్నుంచి ఎవరింటికి పిలిచినా గుమ్మంలోనే ఆగి, ఇంటివాళ్ళ పేర్లడిగి, ఇది మీ ఇల్లేనా అని నిర్ధారణ చేసుకుని గానీ లోపలికి అడుగుపెట్టను. ఇంత పేరొచ్చినా ఎంత వినయం చూడండి అని జనం అనుకుంటారు. మా ఆవిడ పక్కకి తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నేను ఆవిడ వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడతాను, ఏనాడూ నా వల్ల కాలేదు.