పొడుగమ్మాయి, పొట్టి వాకిలి

చెన్నై తొండియార్‌పేటలో మా ఇంటి వాకిలి పొట్టిది. ముత్తాత కట్టించిన ఇల్లు. చూడవచ్చినవాళ్ళు ఎవరైనా ఇంత కిందికి కట్టారేమిటని అడిగితే మా అవ్వకు కోపం వచ్చేది. ఇంట్లో అడుగుపెట్టేవాళ్ళు లక్ష్మీదేవి ముందు తల వంచి రావాలని పెద్దలు కావాలనే అలా కట్టారని ఆమె వాదన. మా ఇంట్లో అందరూ పొట్టివాళ్ళే కాబట్టి చాలాకాలం ఆ వాదన వల్ల ఎవరి నుదురూ బొప్పి కట్టలేదు.

తొమ్మిదో తరగతి సెలవుల్లో నేను పెరగడం మొదలుపెట్టి, ఆపడం మర్చిపోయాను. మొదటిసారి ద్వారబంధం నుదుటికి తగిలినప్పుడు కళ్ళ ముందు చుక్కలు కనబడి గడప మీదే కూర్చుండిపోయాను. ఆ తర్వాత తగిలిన దెబ్బలు తక్కువే. దెబ్బ తగులుతుందేమోనన్న భయం మాత్రం రోజూ తగిలేది. ఇంటి వాకిలి దగ్గర వంగేదాన్ని, బడి వాకిలి దగ్గర వంగేదాన్ని. మెట్రో రైలు తలుపు నాకంటే ఎంతో ఎత్తు, అక్కడా వంగేదాన్ని. "ఏందిమే, ఆకాశం తగుల్తాదా నీకు?" అని అవ్వ వెక్కిరించేది. చుట్టాలు తాటిచెట్టు అనేవాళ్ళు. ఫ్యాను రెక్కలు తుడవాల్సి వస్తే మాత్రం ఆ తాటిచెట్టునే పిలిచేవాళ్ళు.

నేను పిరికిదాన్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే బాస్కెట్‌బాల్ అనగానే మీరు ఇంకెవరినో ఊహించుకుంటారు.

ప్లస్ టూలో నా మార్కులు నగరంలో మంచి కాలేజీ దేనికీ సరిపోయేవి కావు. అప్లికేషన్ కోసం అమ్మతో కలిసి ఒక మహిళా కాలేజీ వరండాలో నిలబడి ఉంటే, మెడలో విజిల్ వేసుకున్న ఒకావిడ ఆగి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నా భుజం దాకా కూడా రాదు. తమిళంలో చెయ్యెత్తమంది. నేను బెదిరిపోయి అమ్మ వెనక్కి జరిగాను, నా అంత మనిషి ఎవరి వెనక దాక్కోగలదు!

"ఏందిమా ఈమె, చెయ్యెత్తమంటా ఉండాది?" అన్నాను అమ్మతో.

"ఈమెదీ తెలుగే, చింతాద్రిపేట. నువ్వు ముందు చెయ్యెత్తు, పేరు తర్వాత అడుగుతా," అందావిడ.

ఎత్తాను. వరండా దీపం అందింది. ఆవిడే మా కోచ్. పిట్ట కొంచెం కూత ఘనం అన్నది ఆవిడను చూసే పుట్టి ఉండాలి. నేను ఎప్పుడూ బంతి ముట్టుకోలేదని తెలిసీ స్పోర్ట్స్ కోటాలో నాకు సీటు ఇప్పించింది.

ఇంట్లో పెదనాయనదే ఆఖరి మాట. పప్పుల మండీ ఆయనదే. "సెరి, ఒక ఏడు చూస్తాం. ఆటలో నిలబడకుంటే సీటు పోతాదంట కదా. అట్ల పోతే మండీలో కూసోని లెక్కలు రాస్తా, ఇంటినుంచే చదువుకోవాల," అన్నాడు. లెక్కలు రాయడం నాకు కష్టమేమీ కాదు. కానీ మండీ వెనకగది వాకిలి మా ఇంటి వాకిలికంటే పొట్టిది. లోపల నేను నిటారుగా నిలబడలేను.

బాస్కెట్‌బాల్‌లో సెంటర్ అంటే రింగు కింద నిలబడే పొడుగు మనిషి. మనవాళ్ళు తెచ్చి ఇచ్చిన బంతిని రింగులో వేయాలి, అవతలివాళ్ళు వేసేదాన్ని ఆపాలి, రింగుకు తగిలి తిరిగొచ్చేదాన్ని గాలిలోనే అందుకోవాలి. అంటే అందరూ వచ్చి గుద్దుకునే చోట కాపురం పెట్టాలి. ఇది మొదటిరోజే తెలిసుంటే ఆ వరండాలో చెయ్యెత్తేదాన్ని కాదు.

పొద్దున్నే, సిమెంటు కోర్టు కాగకముందే మొదలుపెట్టేవాళ్ళం. కోచ్ నన్ను పక్కకు పిలిచి అన్నీ అ ఆల నుంచి నేర్పింది. బంతిని రెండు చేతులతో పట్టడం. ఒక కాలు మేకు కొట్టినట్టు నేలకు అదిమి, రెండో కాలితో తిరగడం. రింగుకు వీపు పెట్టి నిలబడి, వెనక ఉన్న మనిషి ఏ వైపు మొగ్గిందో వీపుతోనే తెలుసుకుని, రెండో వైపు అడుగు వేసి తిరగడం. రింగు కింద నిలబడి కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి వేస్తూ పోవడం, మధ్యలో బంతి గడ్డం కిందికి రాకూడదు.

"దించినావంటే అది నీది కాదు మే. కింద తిరిగే పొట్టోళ్ళది. నేనూ పొట్టిదాన్నే కదా, చెప్తా ఉండా, మేం దానికోసమే కాసుకోని ఉంటాం."

జట్టులో మిగతావాళ్ళందరితో ఆవిడ తమిళమే మాట్లాడేది. నాతో కూడా అంతే, తిట్టేటప్పుడు తప్ప. తిట్లు మాత్రం తెలుగులో, గొంతు తగ్గించి. నా పరువు నలుగురిలో పోకూడదని అలా చేసేదని చాన్నాళ్ళకు అర్థమైంది. జట్టులో అమ్మాయిలేమో మేడమ్‌కు నువ్వంటే ఎంత ముద్దో అని కుళ్ళుకునేవాళ్ళు. "గాడిదా, గోడకు చెప్పినా ఈపాటికి నేర్చుకోని ఉండును" అన్న మాటకు వాళ్ళు కుళ్ళుకోవడం చూసి నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేవి.

ఎవరూ అడ్డం లేనప్పుడు నేను గొప్ప సెంటర్‌ని. అడుగు సరిగ్గా పడేది, బంతి పైనే ఉండేది. ఇంకొక మనిషి పక్కన నిలబడగానే అన్నీ పోయేవి. బంతి రింగుకు తగిలి టంగుమనడం వినబడితే చాలు, నా మెడ దానంతటదే లోపలికి పోయేది. అందరి చేతులూ పైకి లేచే క్షణంలో నా తల ఒక్కటే కిందికి దిగేది.

దసరా తర్వాత ఇంకో కాలేజీ జట్టు మా కోర్టుకు వచ్చి ఆడింది. వాళ్ళ సెంటర్ తెల్ల హెడ్‌బ్యాండ్ కట్టుకున్న వెడల్పాటి భుజాల పిల్ల. బంతి రింగుకు తగిలింది, నేను అలవాటుగా వంగాను, ఆమె మోచేయి నా ముక్కుమీద పడింది. జెర్సీ నిండా రక్తం. నొప్పికంటే ముందు, ముక్కు ఇంక లేదేమోనన్న భయం వచ్చింది. చేత్తో తడుముకుని చూసుకున్నాను. ఉంది.

ఆ సాయంత్రం అమ్మ నా మొహం చూసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మానేసెయ్ మే," అంది. పెదనాయన మండీ వెనకగదికి సున్నం వేయించాలని ఎవరితోనో ఫోనులో అంటున్నాడు. అది నాకోసమో, పప్పు బస్తాలకోసమో అడిగే ధైర్యం నాకు లేదు.

అప్పటినుంచి నా భయానికి ఒక పద్ధతి ఏర్పడింది. మెట్రో మెట్లు దిగేటప్పుడు మొదలయ్యేది. షూ లేసులు కట్టుకుని, బాత్రూముకు పోయి, మళ్ళీ వచ్చి లేసులు విప్పి కట్టుకునేదాన్ని. వాన పడితే దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. చెన్నైలో దేవుడు ఆ కోరిక తీర్చేటప్పుడు అతిగా తీరుస్తాడు, రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు పెట్టి మరీ. ఆ వారం నేను పడ్డంత సుఖం ఇంకెప్పుడూ పడలేదు.

నీళ్ళు తీసిన తర్వాత కోచ్ నన్ను కోర్టు చివర మెట్ల మీద కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూర్చుంది.

"జనవరిలో కాలేజీల మధ్య టోర్నమెంటు. వచ్చే ఏడు ఎవరెవరు ఉండాలనేది దాంతో తేలిపోతాది. బాగా ఆడే పిల్ల ఇంకొకత్తె ఉంటే, ఆమెను వద్దని నీకు సీటు ఇప్పించినా నేను. ఎందుకు ఇప్పించినావని ప్రిన్సిపాల్ అడుగుతా ఉండాది. నాకూ భయంగానే ఉంది మే."

పెద్దవాళ్ళు భయంగా ఉందని నాతో చెప్పడం అదే మొదటిసారి. నాకు ధైర్యం రావాల్సింది పోయి, ఉన్న భయానికి ఆవిడ భయం కూడా తోడైంది. ఏడ్చేశాను. వాకిలి సంగతి, అవ్వ సంగతి, వెనకగది సంగతి అన్నీ చెప్పేశాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని ముక్కును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ మోచేయి నీ ముక్కుకు ఎందుకు తగిలింది? నువ్వు ఒంగినావు గనక. నిటారుగా ఉంటే భుజానికి తగిలుండును, అంతే. భయపడొద్దని నేను చెప్పను, చెప్తే పోయేది కాదు అది. భయపడేటప్పుడు తల దించొద్దు, చేతులెత్తు. నీ చోట నువ్వు నిలబడి, చేతులు నిట్టనిలువుగా ఎత్తినావంటే, ఎవరొచ్చి గుద్దినా తప్పు నీది కాదు. ముందుకు ఒంగినావంటే నీదే. రూల్సే అట్ల ఉండాయి."

మర్నాడు ఆవిడ హాస్టల్ నుంచి ఒక పాత దిండు తెచ్చింది. నేను రింగు కింద నిలబడాలి, ఒకమ్మాయి బంతి వేయాలి, కోచ్ స్టూలు మీదికెక్కి ఆ దిండుతో నన్ను ఎక్కడపడితే అక్కడ కొట్టాలి. వీపు మీద, మోచేతుల మీద, మొహం మీద. తల దించితే మళ్ళీ మొదటికి. మొదటివారం మొహం మీద పడ్డ ప్రతిసారీ గుండె ఆగినంత పనయ్యేది. అది దిండేనని తెలుసు, దూది ఎగురుతూ కనబడుతూనే ఉంది, అయినా భయమే. సంక్రాంతి దాటేసరికి దిండులో దూది సగమైంది, నా భయం అలాగే ఉంది. కాకపోతే భయం వేయగానే చేతులు లేవడం మొదలుపెట్టాయి.

టోర్నమెంటులో మొదటి మ్యాచ్ ఆ హెడ్‌బ్యాండ్ పిల్ల జట్టుతోనే పడింది. మొదటి సగంలో నన్ను దింపారు, రెండుసార్లు వంగాను, తీసేశారు. బెంచీ మీద కూర్చుని, సున్నం వేసిన వెనకగదిని మనసులో చూస్తూ ఉండిపోయాను. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా మా సీనియర్ సెంటర్‌కు అయిదు ఫౌల్స్ అయ్యాయి, రూలు ప్రకారం బయటికి వచ్చేసింది. కోచ్ నావైపు చూసింది. ఇంకెవరూ లేరు. ఆవిడ మొహం తెల్లబోయి ఉంది. తిట్టను కూడా తిట్టలేదు. లేసులు విప్పి మళ్ళీ కట్టుకుని కోర్టులోకి దిగాను.

హెడ్‌బ్యాండ్ పిల్ల నన్ను మర్చిపోలేదు. బంతి రాగానే వీపుతో నన్నొక తోపు తోసి, తిరిగి, నేరుగా నా మీదికే వచ్చింది. పెద్ద పెద్ద అడుగులు. ఆ మోచేయి నాకు బాగా గుర్తుంది. గొంతులోంచి ఒక చిన్న కేక వచ్చింది, నాకే వినబడింది. చేతులు లేచాయి. కళ్ళు మూసుకోలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే బంతి నా అరచేతికి తగలడం నేను చూశాను. ఆ వెంటనే ఆమె భుజం నా ఛాతీకి తగిలి వెల్లకిలా పడ్డాను. విజిల్ మోగింది. నా తప్పే అనుకున్నాను, సీటు పోయిందనుకున్నాను. రెఫరీ చెయ్యి ఆమెవైపు చూపించింది.

లేపడానికి ఆమే చెయ్యి అందించింది. "నీ పాటికి అట్లే నిలబడితే నేనెక్కడికి పోవాలి?" అంది తమిళంలో, విసుగ్గా. ఆ విసుగును నేను ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాను.

మ్యాచ్ ఓడిపోయాం. బ్యాగు సర్దుకుంటుంటే కోచ్ వచ్చి, "రేపు పొద్దున రా. ఎడమచెయ్యి ఇంకా సరిగ్గా రాలే," అంది.

"మేడమ్, వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు రాకుండా యాడికి పోతావు, గాడిదా?" ఈసారి గొంతు తగ్గించలేదు.

మెట్రోలో ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. పెదనాయనకు ఏ మాటతో మొదలుపెట్టాలో కూర్చుకుంటూ, వీధి మలుపు తిరిగి, చెప్పులు విడిచి, అదే ఊపులో లోపలికి అడుగు వేశాను. ఠప్పున మోగింది. కళ్ళ ముందు పాత చుక్కలన్నీ కనబడ్డాయి. గడప మీద కూలబడ్డాను. వంటింట్లోంచి అమ్మ, మండీ నుంచి అప్పుడే వచ్చిన పెదనాయన, పసుపు డబ్బాతో అవ్వ, అందరూ పరిగెత్తుకొచ్చారు.

"ఇన్నేండ్ల అలవాటు కదమే! తల ఒంచేది మర్చిపోయినావా?" అంది అవ్వ, నుదుటి మీద పసుపు అద్దుతూ.

"మర్చిపోయినా అవ్వా," అన్నాను. నొప్పికి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు.