అద్దమున్న చిప్పు

చదువుకునే రోజుల్లో ఓసారి కరీంనగర్ బస్సులో రెండు మైక్రోకంట్రోలర్ చిప్పులు అరచేతిలో పెట్టుకుని, ప్రాజెక్టుకు ఏది వాడాలో తేల్చుకోలేక కూర్చున్నాను. పక్కసీటు పెద్దామె వంగి చూసింది.

"ఏంది బిడ్డా, జెర్రుల తీరు ఉన్నయి?"

"గిది మస్తు ఉరుకుతది, కాని దీంట్ల ప్రోగ్రాం ఒక్కసారే రాయొస్తది. గీ అద్దమున్నది నిదానం. తప్పు రాస్తే, అద్దంల నుంచి వెలుగు కొట్టి చెరిపి, మళ్ల రాయొచ్చు."

"మగ్గం మీద పోగు తప్పితే మేం జానెడు విప్పి మళ్ల నేస్తం. విప్పరానిది నీకెందుకు బిడ్డా?"

అంతలో బస్సు మలుపు తిరిగి, నా చేతిమీద ఎండ పడింది. ఆమె గబుక్కున అద్దం మీద కొంగు కప్పింది.

"రాసింది పోతది!"

ఎండకు చెరగాలంటే రోజులు పడతాయని నాకు తెలుసు. అయినా హుజూరాబాద్‌లో ఆమె దిగేదాకా చెయ్యి కదపలేదు.