మార్తమ్మ మేడం చెప్పని జవాబు

తడి నేల మీద సున్నం పొడి పడితే ఒక ఘాటు వాసన లేస్తుంది. ముక్కులో సన్నగా గుచ్చుకుంటుంది, కళ్ళు కొంచెం మండుతాయి. ధర్మవరంలో నేను పనిచేసే జూనియర్ కాలేజీలో మొన్న పొద్దున పరుగు పందేలకు గీతలు వేయిస్తుంటే ఆ వాసన తగిలింది. పిల్లలంతా కొంగులూ చున్నీలూ ముక్కులకు అడ్డం పెట్టుకుని తుమ్ముతున్నారు. నాకు మాత్రం మార్తమ్మ మేడం పక్కనే నిలబడి ఉన్నట్టు అనిపించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తెల్ల క్యాన్వాసు బూట్లు వేసుకుని, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నం పోసి ఊపుకుంటూ మైదానమంతా తానే గీతలు గీసిన మనిషి ఆవిడ. పెనుకొండలో మాకు వ్యాయామం టీచరు. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడను ఎరగని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను, ఇన్నాళ్ళకు కూర్చున్నాను.

ఆవిడది బత్తలపల్లి దగ్గర ఒక పల్లె. కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబం. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఆవిడే. ఆదివారం పొద్దున చర్చి, మిగతా ఆరు రోజులూ మైదానం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. హైస్కూలు మైదానం కొండ కింద ఉండేది. చుట్టూ తిరిగితే రెండు వందల మీటర్లు, అంతే. నేను పరిగెత్తే ఎనిమిది వందల మీటర్ల పందెం అందరికీ రెండు చుట్లయితే మాకు నాలుగు చుట్లు. హిందూపురంలో పెద్ద మైదానంలో మొదటిసారి పరిగెత్తినప్పుడు రెండో చుట్టు అయిపోగానే అందరూ ఆగిపోతే, ఇంకా రెండు ఉన్నాయనుకుని నేను వాళ్ళను తోసుకుంటూ ముందుకు పోయాను. ఆ సంగతి తలుచుకుని మేడం ఏడాది పాటు నన్ను ఏడిపించారు.

ఆవిడ పద్ధతి ఒకటుండేది. పరుగు ముగించి రొప్పుతూ వచ్చిన పిల్లకు వాచీ చూపించేవారు కాదు. గుప్పిట్లో దాచుకుని, "ఎంత వచ్చిందనుకుంటాండావు?" అని అడిగేవారు. మనం చెప్పిన లెక్కకూ వాచీలో ఉన్న లెక్కకూ రెండు సెకన్లకు మించి తేడా ఉంటే వాచీ ఆవిడ చేతిసంచిలోకి పోయేది. ఆ రోజుకు మన టైము మనకు తెలియనట్టే. నాకా కోపం ముక్కు మీదే ఉండేది. పరిగెత్తింది నేను, టైము నాది, దాచడానికి ఈవిడెవరని లోపల కుతకుతలాడేదాన్ని. పైగా ఎప్పుడూ ఉన్నదానికంటే తక్కువ టైమే చెప్పేదాన్ని. ఒకరోజు ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "నీకు కావాల్సింది చెప్పొద్దు పాపా. వచ్చింది చెప్పు" అన్నారు. నా కాళ్ళేం చెబుతున్నాయో వినడానికి నాకు మూడు నెలలు పట్టింది. విన్నాక మాత్రం వాచీతో పనిలేకుండా పోయింది.

ఇంటర్‌కు కాలేజీ మారినా పరుగుకు మేడం దగ్గరికే వచ్చేదాన్ని. రెండో సంవత్సరంలో హిందూపురంలో జరిగిన పోటీల్లో నేను మొదటి స్థానంలో వచ్చాను. బెంగళూరులోని ఒక ప్రైవేటు కాలేజీ కోచ్ అక్కడికి పిల్లలను చూసుకోవడానికి వచ్చాడు. పరుగు అవగానే నన్ను పిలిచి, డిగ్రీ సీటు ఇస్తాం, హాస్టలూ భోజనమూ బూట్లూ అన్నీ మావే అన్నాడు. ఒకటే షరతు. మా జాబితా ఇంటర్ పరీక్షలకు ముందే మూసేస్తాం, వచ్చేది మా దగ్గరికే అని ఇప్పుడే ఖాయం చేసుకోవాలి అన్నాడు. మాకు పెనుకొండ పక్కన మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాం. నాయన ఆ రోజు పట్టుగూళ్ళు వేసుకుని హిందూపురం మార్కెట్టుకే వచ్చి ఉన్నాడు. గూళ్ళ వాసన ఒంటి మీద నుంచి పోకముందే మైదానానికి పరుగున వచ్చి, కోచ్‌తో కన్నడంలో గంట సేపు మాట్లాడాడు. నాయన ముఖం అంతగా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు.

నాకు కావలసినవి రెండు. పరుగు మానకూడదు, డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం తెచ్చుకోవాలి. రెండూ ఒకేచోట దొరుకుతుంటే ఇంకేం ఆలోచించాలి? అనంతపురంలోని ప్రభుత్వ కాలేజీ ఒకటి నా మనసులో ఉండేది కానీ, అక్కడ దరఖాస్తులు ఫలితాలొచ్చాకే. సీటు వస్తుందో రాదో అప్పటిదాకా తెలియదు. వారం తిరిగేసరికి హిందూపురం బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో కూర్చుని, నా పదో తరగతి మార్కుల మెమో, ఆటల సర్టిఫికెట్లు, అన్నీ ఒరిజినల్సే, ప్లాస్టిక్ ఫైలుతో సహా ఆ కోచ్ చేతికిచ్చేశాం. మా దగ్గర జిరాక్సులు మిగిలాయి. ఒరిజినల్స్ ఒక కాలేజీ బీరువాలోకి పోతే మనిషి ఇంకో కాలేజీ గడప తొక్కలేదని మా వైపు ప్రతి ఇంట్లోనూ తెలుసు. తెలిసీ ఇచ్చాం. ఆ పూట దోసె కూడా ఎంతో రుచిగా అనిపించింది.

సోమవారం ఎగురుకుంటూ వెళ్ళి మేడంకు చెప్పాను. ఆవిడ మెచ్చుకుంటారనుకున్నాను. "ఒరిజినల్సా?" అని ఒక్కమాట అడిగారు. అవునన్నాను. విజిల్ తాడు వేలికి చుట్టుకున్నారు, విప్పుకున్నారు. చివరికి, వచ్చే ఆదివారం చర్చి అయ్యాక ధర్మవరం పోదాం, ఇంట్లో చెప్పి రా అన్నారు. ఎందుకో చెప్పలేదు.

ధర్మవరంలో ఒక మగ్గాల ఇంటికి తీసుకెళ్ళారు. లోపల ఒకామె ఎడమకాలు చాపుకుని కూర్చుని పట్టు దారం కండెలకు చుడుతోంది. పేరు సుజాత. మేడం దగ్గర నాకు ఆరేళ్ళ ముందు పరిగెత్తిన అమ్మాయి, నాకంటే వేగంగా పరిగెత్తిన అమ్మాయి. నన్ను తీసుకెళ్తామన్న కాలేజీకే వెళ్ళింది. మేడంను చూడగానే లేవబోయింది, లేవలేక నవ్వింది. మేడం ఆమెను కూర్చోబెట్టి, ఈ పాపకు నీ సంగతి చెప్పమని అడిగి, తాను గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చున్నారు. ముఖం వీధి వైపుకు తిప్పుకున్నారు.

సుజాత ఎవరినీ తిట్టలేదు. నేను తిడుతుందనుకున్నాను. "వాళ్ళు చెడ్డోళ్ళేం కాదు పాపా. నేను పరిగెత్తినన్ని దినాలు బాగా చూసుకున్నారు. మోకాలు పోయినాంక, హాస్టల్లో నా గది పరిగెత్తే పిల్లలకని ఖాళీ చేయమన్నారు. ఇంటికొచ్చి కాలు చూపించుకునేలోపల పరీక్షలు అయిపోయినాయి" అంది. కండె తిప్పడం ఆపకుండానే చెప్పింది. మరి మళ్ళీ వెళ్ళలేదా అక్కా అని అడిగాను. యాడికి పోవాల అని నన్నే అడిగింది. ఆపైన మాకు కాఫీ ఇచ్చింది, నా టైము ఎంతని అడిగింది. చెప్పగానే నిజంగానే సంతోషపడింది. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మేడంను నిలదీసినంత పని చేశాను. పోవాలా, వద్దా? ఒక్కమాట చెప్పండి, మీరెట్లంటే అట్ల చేస్తా అన్నాను. ఆవిడ ముందు సీటు కడ్డీ పట్టుకుని ఉన్నారు.

"సుజాతకు చెప్పినా. పో, మంచి కాలేజీ అని నేనే చెప్పినా. ఆ ఫారం నింపింది కూడా నా చేత్తోనే." కడ్డీ వదిలి నా వైపు తిరిగారు. "ఇంక ఎవురికీ చెప్పను. అడగాల్సింది ఏందో నీకు తెలిసిందా లేదా? అది చూసుకో."

ఆ రోజు ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ళు పొద్దున్నే లేపి పరిగెత్తించిన మనిషి, అసలు దారి దగ్గరికి వచ్చేసరికి చేతులు దులుపుకుంటారా అనుకున్నాను. పెనుకొండలో దిగాక పోయొస్తానని కూడా చెప్పకుండా ఇంటికి నడిచాను. నడుస్తూ ఉంటే కోపం దిగింది, ప్రశ్న మిగిలింది. మర్నాడు కాలేజీకి పోయే ముందు కోచ్‌కు ఫోన్ చేశాను. నాకు దెబ్బ తగిలి పరిగెత్తలేకపోతే డిగ్రీ అయ్యేదాకా హాస్టల్లో ఉంచుతారా సార్ అని అడిగాను. అతను నవ్వాడు. పరిగెత్తే పిల్ల అట్లాంటి మాటలు మాట్లాడకూడదన్నాడు. ఉంచుతామని ఒక కాగితం మీద రాసిస్తారా అన్నాను. ముందు నువ్వు రా, వచ్చాక చూద్దాం అన్నాడు. నా కాళ్ళ మీద నాకు ఎంత నమ్మకమో ఆ మాట మీద అంత అపనమ్మకం కలిగింది. నా కాగితాలు నాకు ఇచ్చేయండి సార్ అన్నాను.

నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చేతికి అందినదాన్ని నేలపాలు చేస్తున్నానని అవ్వతో చెప్పుకున్నాడు. నేను కూడా తగ్గలేదు. సుజాత గురించి అన్నం వడ్డిస్తున్నప్పుడు చెప్పాను, ఆకు కోస్తున్నప్పుడు చెప్పాను, వినకపోయినా చెప్పాను. మూడో రోజు పొద్దున పురుగులకు మేత వేస్తూ తనంతట తానే అన్నాడు. "రేటు నచ్చకపోతే మార్కెట్లో గూళ్ళనే వెనక్కి తెచ్చుకుంటాము. నా బిడ్డ కాగితాలు యాల తెచ్చుకోకూడదు? పద."

ఇద్దరం బెంగళూరు వెళ్ళాం. మేడంను రమ్మంటే, మీ కాగితాలు మీరే తెచ్చుకోవాల అన్నారు. ఆఫీసులో మమ్మల్ని పొద్దున నుంచీ కూర్చోబెట్టారు. సార్ లేడన్నారు, తాళం చెవి లేదన్నారు, రేపు రమ్మన్నారు. నాయన గొంతు పెంచలేదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, రేపటిదాకా ఈడనే కూర్చుంటామని కన్నడంలో నింపాదిగా చెప్పాడు. అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాడు. మూడు గంటలప్పుడు తాళం చెవి దొరికింది. ఫైలు చేతికి రాగానే నాయన ఒక్కో కాగితం తీసి నా పేరు ఉందో లేదో చూశాడు. ఆయనకు చదవడం అంతగా రాదు, నా పేరు మాత్రం గుర్తుపడతాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు మేడం నాకు సాయంత్రం పరుగు ఆపేశారు. మైదానం పక్కనున్న స్టేజీ మెట్ల మీద పుస్తకాలతో కూర్చోబెట్టారు. ఆటల కోటా ఒక్కదాన్నే నమ్ముకోనని, మార్కుల మీద కూడా దరఖాస్తు పెడతానని నేను అన్నాను. ఆవిడ తల ఊపారు. ప్రతి పరీక్ష రాసి వచ్చాక మాత్రం అదే ప్రశ్న. ఎంత వస్తుందనుకుంటాండావు? రెండు మార్కులకు మించి తేడా రాకుండా చెప్పాను. లెక్కల పరీక్ష ఒక్కదానికే నా అంచనా తప్పింది.

అనంతపురంలో ఆటల కోటాకు ముగ్గురిని తీసుకున్నారు. నేను నాలుగో స్థానంలో వచ్చాను. మైదానం పక్కన కూర్చుని బాగా ఏడ్చాను. మూడు వారాల తర్వాత మార్కుల మీద అదే కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్ వచ్చింది. చేరిన మరుసటి రోజే మైదానానికి వెళ్ళి, ఎవరూ పిలవకుండానే పరిగెత్తాను. మొదటి సంవత్సరం ముగిసేలోగా కోటాలో వచ్చిన ముగ్గురి కంటే ముందుకు వచ్చాను. నా సీటుకూ నా కాళ్ళకూ సంబంధం లేదన్న ధీమా వల్ల కాళ్ళు ఇంకా బాగా ఆడేవి.

రెండో సంవత్సరంలో తొడ కండరం చిట్లింది. ఆరు నెలలు పరుగు మాట ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. ఏడుస్తూ మేడంకు ఫోన్ చేశాను. ఆవిడ సరిగ్గా విన్నారో లేదో కూడా తెలియలేదు, ఫోన్ పెట్టేశారు. మర్నాడు మధ్యాహ్నానికి హాస్టల్లో ఉన్నారు. మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నారు, బూట్లకు మైదానం సున్నం కూడా వదలలేదు. నేను కట్టు విప్పి చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"గది ఉండాదా?"

"ఉండాది మేడం."

"క్లాసులకు పోతాండావా?"

"పోతాండా. ఈ పొద్దు కూడా పోయినా."

ఆవిడ నా మంచం మీద కూర్చున్నారు. గది నాలుగు గోడలూ ఒకసారి చూశారు. చెక్క బీరువా, కిటికీలో ఆరేసిన తువ్వాలు, బల్ల మీద పుస్తకాలు. తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మార్తమ్మ మేడం ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నా కాలు కోసమని నా పక్క మంచం అమ్మాయి అనుకుని, తగ్గిపోతుందిలే మేడం అని ఓదార్చింది. ఎవరి కోసమో నాకు తెలుసు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఏడాది తిరిగేసరికి మళ్ళీ పరిగెత్తాను, డిగ్రీ పూర్తి చేశాను, ఈ ఉద్యోగంలోకి వచ్చాను. నా దగ్గర నుంచి డిగ్రీలకు వెళ్ళిన పిల్లలు అప్పుడప్పుడు ఏడుస్తూ ఫోన్ చేస్తారు. చీలమండ బెణికిందంటారు, మోకాలు వాచిందంటారు. డాక్టరు ఏమన్నాడని తర్వాత అడుగుతాను. ముందు అడిగేది మాత్రం, గది ఉండాదా అనే.