కత్తెరక్కకు అనుమతి లేదన్న పెట్టె

మా వీధిలో కత్తెరక్కను అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఆ సూదులు తీయకుండానే తిడుతుంది, ఒక్క అక్షరం పొల్లుపోదు. వాళ్ళ ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి ఆవిడది, రెండోది తోడికోడలిది. నా బొత్తాల కొట్టు వాళ్ళ గోడను ఆనుకునే ఉంది కాబట్టి ఆ ఇంట్లో ఎవరు దగ్గినా నాకు వినపడుతుంది. వినపడకపోతే వెళ్ళి కనుక్కుంటాను, అది వేరే సంగతి.

కత్తెరక్క అందరికీ కుట్టే మనిషి కాదు. ఒక భుజం జారినవాళ్ళకు, చెయ్యి కట్టులో ఉన్నవాళ్ళకు, చక్రాల కుర్చీలోంచి లేవలేనివాళ్ళకు కుడుతుంది. చెయ్యి పైకెత్తే పని లేకుండా పక్కనుంచి తెరుచుకునే చొక్కా ఆవిడ సొంత ఆలోచనే. ఒక్కో మనిషికి ఒక్కో నమూనా, గోధుమరంగు కాగితం మీద గీసి పెట్టుకునేది. ఆ కాగితాలకు చెదలు పట్టడంతో మరిది, అంటే తోడికోడలి భర్త, ఒక నల్లటి పెట్టె తెచ్చి ఇంటర్నెట్ డబ్బా పక్కన పెట్టాడు. అందులో దాచింది ఇంట్లో ఏ కంప్యూటర్లోంచి చూసినా కనపడుతుంది. నమూనాలన్నీ స్కాన్ చేసి అందులోకి ఎక్కించి, కాగితాలు పారేశారు.

పెట్టెలోకి వెళ్ళాలంటే పేరు, పాస్‌వర్డు కొట్టాలి. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. కరెంటు, గ్యాసు, ఫోను, చివరికి కత్తెరక్క కళ్ళద్దాల రసీదు కూడా ఆవిడ భర్త పేరు మీదే ఉంటుంది. పెట్టెలోకీ అందరూ ఆయన పేరుతోనే వెళ్ళేవాళ్ళు. ఒకరోజు ఆయన ఆటల వీడియోలు నమూనాల్లో కలిసిపోయాయి. ఎవరు కలిపారో తేలలేదు. దాంతో తోడికోడలు, ఇక ఎవరి పేరుతో వాళ్ళే వెళ్ళాలని, కత్తెరక్కకు విడిగా ఒక పేరు పెట్టింది.

మర్నాడే గొడవ. పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక మేస్త్రికి చొక్కా కత్తిరించాలి. కత్తెరక్క కొత్త పేరుతో లోపలికి వెళ్ళింది. నమూనాల పేర్లన్నీ వరసగా కనపడ్డాయి. మేస్త్రిది నొక్కితే, ఈ ఫైలు తెరవడానికి మీకు అనుమతి లేదని వచ్చింది. ఇంకోటి నొక్కినా అంతే.

కేక విని నేను వెళ్ళాను.

"రావమ్మా రా, చూడు! నేను గీసిన చంకకు నాకే అనుమతి లేదట!"

"నేనిచ్చానక్కా, ఒట్టు," అంటోంది తోడికోడలు. "ఇదిగో, నీ పేరు పక్కన టిక్కు. చూడొచ్చు, మార్చొచ్చు, రెండూ ఇచ్చా."

"టిక్కు పైకి, తాళం లోపలికి. బాగుందే నీ వరస!"

"నాకెందుకక్కా తాళం వెయ్యడం?"

"నమూనాలు నీ చేతిలో ఉంటే ఆర్డర్లు నీ చేతిలో ఉన్నట్టేగా! చాలు. రేపు నా మిషను మా చెల్లెలి వరండాలో వేసుకుంటా. నీ గది నువ్వే ఏలుకో."

ఇద్దరూ ఇదివరకూ పోట్లాడుకున్నారు గానీ మిషను ఎత్తేస్తానన్న మాట ఎప్పుడూ రాలేదు. తోడికోడలు ముక్కు ఎగబీల్చి తల దించుకుంది.

కత్తెరక్క భర్త, ఆ ఇంటి పెద్దాయన, టీ గ్లాసుతో వచ్చి అన్ని జబ్బులకూ ఒకటే మందు చెప్పాడు. "ఆర్పి వెలిగించండి."

ఆర్పి వెలిగించారు. ఏమీ మారలేదు.

"పోనీ నా పేరుతోనే వెళ్ళవే. ఎప్పుడూ వెళ్ళేదానివేగా!" అన్నాడాయన.

కత్తెరక్క చెయ్యి మౌసు దాకా వెళ్ళి ఆగింది. "వద్దండీ. మీ పేరుతో దూరితే పని అయిపోతుంది. ఈ అమ్మాయి నిజం చెప్పిందో అబద్ధం చెప్పిందో మాత్రం నాకెప్పటికీ తెలీదు. తేలాల్సిందే."

తోడికోడలు ముఖం తుడుచుకుని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అయితే అక్కా, ఇప్పుడో కొత్తది గీసి పెట్టు. అదీ తెరుచుకోకపోతే తప్పంతా నాదే."

కత్తెరక్క ఒక కాలరు గీసింది, కోపంలో గీసినా వంపు తప్పలేదు. స్కాన్ చేసి అదే ఫోల్డర్లో పెట్టి నొక్కింది. టక్కున తెరుచుకుంది.

"ఇది వచ్చిందే!"

"వచ్చింది కదా! మరి పాతవి ఎందుకు రావు?" తోడికోడలు కొత్తదాని వివరాలు తెరిచింది. ఈ ఫైలు ఎవరిది అన్నచోట కత్తెరక్క పేరుంది. మేస్త్రి నమూనా వివరాలు చూస్తే అక్కడ పెద్దాయన పేరు. దాని కిందిది, దాని కిందిది, అన్నీ ఆయనవే.

"ఇవన్నీ బావగారివట అక్కా!"

"ఆయనవా? సూదిలో దారం ఎక్కించడం రాదు ఆయనకి!"

"నేను గీయలేదు తల్లీ, నన్నొదిలేయండి," అని ఆయన గ్లాసు పట్టుకుని వెనక్కి తగ్గాడు.

"మనం ఆయన పేరుతో వెళ్ళి దాచాం కదా, పెట్టె అవి ఆయన సొత్తే అనుకుంది. నేను ఫోల్డరుకి అనుమతిచ్చాను. లోపల ముందునుంచీ ఉన్నవాటికి అది అందలేదు."

"అంటే పైగుడ్డ కుట్లు విప్పి, అస్తరు అలాగే వదిలేశావు."

"అంతే అక్కా. పొరపాటు నాదే, దురుద్దేశం మాత్రం లేదు."

కత్తెరక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. మరిది పెట్టె పెత్తనం తోడికోడలికే అప్పజెప్పాడు కాబట్టి ఆ అమ్మాయి ఆ పెత్తనం ఉన్న పేరుతో లోపలికి వెళ్ళి, నమూనాలు పెద్దాయనవి కావు, కత్తెరక్కవి అని మార్చింది. ఈసారి మరిచిపోకుండా, లోపలున్న వాటన్నిటికీ అన్నచోట కూడా టిక్కు పెట్టింది. తెరమీద ఒక నీలం గీత నత్తలా పాకుతుంటే నలుగురం దాన్నే చూశాం.

మేస్త్రి చొక్కా నమూనా తెరుచుకుంది. పక్కనే కత్తెరక్క చేతిరాత, ఎడమచెయ్యి వదులుగా ఉండాలని. ఆవిడ ఇంకోటి తెరిచింది, మరోటి తెరిచింది. "ఇది మెడ తిరగని డ్రిల్లు మాస్టారిది. ఇది కుర్చీలో కూర్చునే పాటల టీచరుది..." ప్రతిదాని పక్కనా ఎవరిదో చూసుకుంటోంది. ప్రతిచోటా తన పేరే. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

కాసేపటికి గొంతు సవరించుకుంది. "ఏమే, పొద్దుట్నుంచీ నీ మిషను చప్పుడే లేదేం?"

క్షమించమనడం ఆవిడకు అలాగే వచ్చు. తోడికోడలికి ఆ సంగతి తెలుసు. నవ్వేసింది.

"నమూనా లేకుండా ఏం కుట్టనక్కా? నేనూ ఇన్నాళ్ళూ బావగారి పేరుతోనే చూశాను. ఇప్పుడవి నీవి. నువ్విస్తేనే నాకు దారి."

"నేనివ్వాలా? ఎక్కడ నొక్కాలి?"

"ఇక్కడ నా పేరు. ఇది చూడటానికి, ఇది మార్చడానికి."

కత్తెరక్క మొదటిదాన్ని వెంటనే నొక్కింది. రెండోదాని దగ్గర ఆగింది. "మెడ దగ్గర నువ్వెప్పుడూ అరంగుళం ఎక్కువ వేస్తావు."

"నేర్పు మరి."

"నేర్పితే వింటావా?"

"నీ గోల వినకుండా ఈ ఇంట్లో ఎవరున్నారక్కా?"

కత్తెరక్క ముక్కుమీది కళ్ళద్దాలు పైకి తోసి రెండోదీ నొక్కింది. "ఏదన్నా చెరిపావో, వేళ్ళు కలిపి కుట్టేస్తా."

మేస్త్రి చొక్కాకు ఏ బొత్తాలు పంపమంటారని అడిగాను. ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చారు, చెరో రంగు చెప్పారు. తేలేదాకా నేనూ కూర్చున్నాను.