స్విచ్చుకు వేలాడిన రెండో తాళం

దయ్యాల కథలు చెప్పడం నాకు సరదా. నమ్మడం మాత్రం ఎన్నడూ లేదు. మనుబోలు నుంచి నాయుడుపేట దాకా బస్సులో పక్కన కూర్చున్న మనిషిని భయపెట్టి లేపేసి, సీటు మొత్తం నేనే తీసుకున్న రోజులున్నాయి. అందుకే ఇది చెబితే మా ఇంట్లోనే నవ్వుతారు. అయినా రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు.

కృష్ణపట్నం దారిలో రొయ్యల మేత తయారుచేసే ఒక మిల్లులో నేను ఎలక్ట్రీషియన్ని. మోటారు మీద చెయ్యి వేసే ముందు కింద ప్యానెల్ గదిలో దాని స్విచ్ ఆపి, పనిలోకి దిగే ప్రతి మనిషీ తన తాళం దానికి వేయాలి. తాళం మీద తన పేరు ఉంటుంది, తాళంచెవి తన జేబులో ఉంటుంది. ఆఖరి తాళం ఊడేదాకా కరెంటు ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు మూడో అంతస్తులో మిక్సర్ మోటారు పని. ముగ్గురం, మూడు తాళాలు. మధ్యాహ్నం రెండింటికి పని అయింది. నేనే ముందు దిగి, నా తాళం తీసి జేబులో వేసుకున్నాను.

బయట టీ తాగుతుంటే అనుమానం వచ్చింది, మోటారుకు కరెంటు వైర్లు కలిపే టెర్మినల్ బాక్సులో ఒక నట్టు సరిగా బిగించానా లేదా అని. రెండు నిమిషాల పనే కదా అనుకుని, ప్యానెల్ గదికి పోకుండా వెనక ఇనుప మెట్ల మీదుగా పైకెక్కాను. ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అంత తెలివితక్కువ పని ఇంకోటి చేయలేదు.

మూత విప్పి, రెండు చేతులూ లోపల పెట్టి నట్టు తిప్పుతున్నాను. సూపర్‌వైజర్ మస్తానయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏం పెంచలయ్యా, తాళం తీయకుండా ఈడ ఏం జేస్తుండావు? అందరివీ ఊడినాయి, నీదొక్కటే ఏలాడతా ఉంది. కరెంటు ఇద్దామంటే నీకోసం మిల్లంతా ఎతకాల్సొచ్చె!"

నేను చేతులు మెల్లగా బయటికి తీసుకుని, జేబులోంచి నా తాళం తీసి చూపించాను.

ఆయన నవ్వాడు. "నీ కతలు నా దగ్గర కాదబ్బా."

కిందికి వెళ్లి చూశాం. స్విచ్చుకు ఎర్ర తాళం ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో నా పేరు, నా చేతిరాతే, చివరి వత్తు కాస్త వంకరగా. నా చేతిలో ఉన్నదాని మీదా అదే వంకర. నా తాళంచెవి పెట్టి తిప్పితే టక్కున ఊడింది. మా స్టోరులో ఒకే చెవితో తెరుచుకునే తాళాలు రెండు ఉండవు. మస్తానయ్య నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ప్యానెల్ దగ్గర డ్యూటీలో ఉన్నది దేవదానం. చర్చిలో పెద్ద, సరదాకైనా అబద్ధం ఆడడు. ఇది ఎవరు వేశారని అడిగాం.

"అదేందన్నా, తీసుకొనిపోయినోడివి నువ్వే గదా మళ్ళా వచ్చి ఏసింది? పది నిమిషాలు గూడా కాలేదు. టీ తాగినావా అంటే పలకలా. నా మొహం గూడా చూడకుండా పోయినావు."

ఆ పది నిమిషాలూ నేను పైన ఉన్నాను.

దేవదానం నా చేతులనే చూస్తున్నాడు.

"ఇంతలోనే ఎట్టా కడుక్కున్నావన్నా? అప్పుడు మోచేతుల దాకా నల్లగా ఉండె. గ్రీజేమో అనుకుంటి. కానీ కమురు వాసన వచ్చె..."



ఆ తాళం ఎక్కడి నుంచి వచ్చిందో, వేసింది ఎవరో ఇప్పటికీ చెప్పలేను. ఆ చేతులకు ఏం జరిగి ఉంటుందో మాత్రం, ఎలక్ట్రీషియన్ని కదా, నాకు బాగా తెలుసు.